పాత జాగ్వార్ వెనక హబ్ బేరింగులు, డ్రైవ్‌షాఫ్టులు: విప్పి, కొలిచి, మళ్లీ బిగించడం ఎలా

"వెనక చక్రం దగ్గర గుర్రుమని రొద వస్తోంది. హబ్ నట్టు ఇంకాస్త బిగిస్తే పోతుందా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, ఇంకా అడుగుతూనే ఉన్నారు. పోదు. ఈ కారులో ముందు చక్రాల బేరింగులను నట్టుతోనే సర్దుతాం: బిగించి, కాస్త వదిలి, స్ప్లిట్ పిన్ వేస్తాం. వెనక అలా కాదు. వెనక నట్టును ఎప్పుడూ పూర్తి టార్క్‌కు (మాన్యువల్ చెప్పిన బిగువుకు) బిగించాల్సిందే. బేరింగుకు ఎంత ప్లే (అటూ ఇటూ కదిలే సందు) ఉండాలో నిర్ణయించేది లోపల ఉండే ఒక చిన్న ఇనుప కాలర్, అంటే ఉంగరం లాంటి ముక్క. దాని మందం సరిగ్గా ఉంటే బేరింగు ఏళ్ల తరబడి నడుస్తుంది. తప్పయితే మీరు ఎంత మంచి బేరింగు కొన్నా, ఎంత ఓపికగా బిగించినా కొద్ది రోజులకే కాలిపోతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కాలర్ గురించే.

ఇక్కడ చెప్పేది 1961లో ఈ-టైప్, మార్క్ 10 కార్లతో మొదలై, తర్వాత ఎక్స్‌జే6, ఎక్స్‌జే-ఎస్ కార్లలో కొనసాగిన వెనక సస్పెన్షన్ గురించి. బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్ పక్కనే ఉండే రకం ఇది. ఒక్క విషయం ముందే తెలుసుకోండి. ఈ కార్లలో డ్రైవ్‌షాఫ్ట్ చక్రాన్ని తిప్పడమే కాదు, సస్పెన్షన్‌కు పై ఆర్మ్‌లా కూడా పనిచేస్తుంది. అందుకే దాని పొడవు మారదు, జారే స్ప్లైన్ (గాళ్లతో పట్టే జాయింటు) ఉండదు. షాఫ్ట్ చివర ఉండే యూజే (యూనివర్సల్ జాయింటు) క్రాస్ అరిగితే చక్రం పైభాగం అటూ ఇటూ ఊగుతుంది. చూసినవాళ్లు బేరింగు పోయిందనుకుంటారు.

ముందు తప్పెక్కడుందో పట్టుకోండి

కారు వెనక భాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద పెట్టండి. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. అదే సమయంలో ఇంకొకరు లైటుతో చక్రం వెనక చూడాలి. ఒక్కరే ఊపుతూ చూడలేరు, ఈ పనికి ఇద్దరు కావాల్సిందే.

- హబ్ క్యారియర్ (హబ్ బేరింగులు కూర్చునే గూడు) కదలకుండా చక్రం మాత్రమే కదిలితే హబ్ బేరింగు.
- క్యారియర్ కూడా చక్రంతో పాటు కదిలి, యూజే దగ్గర కప్పుకూ క్రాస్‌కూ మధ్య కదలిక కనిపిస్తే యూజే.
- క్యారియర్ అడుగుభాగం విష్‌బోన్ (సస్పెన్షన్ కింది ఆర్మ్) దగ్గర కదిలితే కింది ఫల్క్రమ్ బేరింగులు, అంటే ఆ ఆర్మ్ క్యారియర్‌ను పట్టుకునే ఇరుసువి.
- డ్రైవ్‌షాఫ్ట్ మొత్తం, డిస్కుతో సహా, కదిలితే డిఫరెన్షియల్ ఔట్‌పుట్ షాఫ్ట్ బేరింగు. ఇది వేరే పని, పెద్ద పని. అక్కడ ఆయిల్ సీలు కూడా పోయి ఉంటే నూనె నేరుగా బ్రేక్ డిస్కు మీద పడుతుంది. అలాంటి కారును నడపకండి.

చప్పుడు కూడా కొంత చెబుతుంది. వేగంతో పెరుగుతూ, మలుపు తిరిగేటప్పుడు స్వరం మారే రొద సాధారణంగా బేరింగుదే. గేరు వేసి కదిలేటప్పుడు వచ్చే "టక్" యూజేది కావచ్చు, హబ్ స్ప్లైన్ వదులైనా అదే చప్పుడు వస్తుంది. యూజే కప్పుల చుట్టూ తుప్పు రంగు పొడి కనిపిస్తే ఇక ఆలోచించాల్సింది లేదు, లోపల గ్రీజు అయిపోయి సూదులు (సూదుల్లాంటి సన్నని రోలర్లు) అరుగుతున్నట్టే.

కావలసినవి

- మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్. నట్ల టార్క్ మోడల్‌ను బట్టి మారుతుంది. ఈ-టైప్ అంకె ఎక్స్‌జేకి వాడకండి
- గట్టి జాకీ, రెండు స్టాండ్లు, ముందు చక్రాలకు చెక్క దిమ్మెలు
- చక్రం బోల్టులకు పట్టే భారీ హబ్ పుల్లర్. రెండు మూడు కాళ్ల మామూలు పుల్లర్ పనికిరాదు
- టార్క్ రెంచ్, పొడవైన పిడి ఉన్న సాకెట్ రెంచ్
- డయల్ గేజ్, దాని అయస్కాంతపు స్టాండు, మైక్రోమీటర్
- ప్రెస్, లేదా పెద్ద వైస్, రాగి సుత్తి
- కొత్త బేరింగులు (బయటి రింగైన కప్పు, రోలర్లున్న లోపలి రింగైన కోన్ జతగా), ఆయిల్ సీల్స్, యూజే క్రాస్‌లు, స్ప్లిట్ పిన్లు
- చక్రాల బేరింగులకు వాడే లిథియం గ్రీజు
- కింది ఫల్క్రమ్ షాఫ్ట్‌కు డమ్మీ షాఫ్ట్
- పెన్ను, చిన్న సంచులు. ఎడమ, కుడి అని రాసిపెట్టడానికి

డయల్ గేజ్ లేకుండా పని మొదలుపెట్టవద్దు. కొనలేకపోతే ఒక్క రోజుకు అరువు తెచ్చుకోండి. చేత్తో ఊపి "సరిపోయింది" అనుకునే చోటు కాదిది.

విప్పడం

1. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. ఈ కార్లో హ్యాండ్‌బ్రేక్ డిఫరెన్షియల్ పక్కన ఉన్న డిస్కులను పట్టుకుంటుంది. డ్రైవ్‌షాఫ్ట్ విప్పాక ఆ చక్రాన్ని ఆపేది ఏమీ ఉండదు. దిమ్మెలు మర్చిపోవద్దు.

2. హబ్ మధ్యలో ఉన్న స్ప్లిట్ పిన్ తీసి, నట్టును వదులు చేయండి. చక్రం మధ్య రంధ్రంలోంచి సాకెట్ పడితే కారు నేల మీద ఉండగానే చేయడం మేలు. వైర్ వీల్స్ ఉన్న కార్లలో చక్రం తీశాకే నట్టు అందుతుంది. అప్పుడు ఇంకొకరు బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కి ఉంచాలి.

3. కారును ఎత్తి, బాడీ కింద మాన్యువల్ చూపిన చోట స్టాండ్లు పెట్టి, చక్రం తీయండి.

4. నట్టును పూర్తిగా తీయకుండా షాఫ్ట్ చివరతో సమంగా ఉంచండి. పుల్లర్ ఒత్తిడికి మరలు పాడవకుండా అది కాపాడుతుంది. పుల్లర్‌ను హబ్ బోల్టులకు బిగించి, మధ్య స్క్రూ తిప్పుతూ షాఫ్ట్‌ను లోపలికి నెట్టండి. కదలకపోతే బిగువు అలాగే ఉంచి, స్క్రూ తల మీద సుత్తితో ఒక గట్టి దెబ్బ వేయండి. ఫట్‌మని పెద్ద చప్పుడుతో వదులుతుంది, భయపడకండి. ఇంకా రాకపోతే తుప్పు వదిలించే నూనె పోసి మర్నాటికి వదిలేయండి. హబ్ అంచును సుత్తితో బాదడం మాత్రం వద్దు, అది వంగితే తర్వాత చక్రం తిన్నగా తిరగదు.

5. స్ప్లైన్ వదిలాక నట్టు తీసేయండి. హబ్ క్యారియర్ పైభాగం బయటికి వాలుతుంది. దాన్ని ఒక తాడుతో కట్టి ఉంచండి, లేకపోతే వేళ్ల మీద పడుతుంది. షాఫ్ట్ మీద ఉన్న కాలర్, లోపలి బేరింగు కోన్, సీలు ట్రాక్ ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీయండి. ఆ కాలర్‌ను విడిగా సంచిలో పెట్టి, ఏ వైపుదో రాయండి.

6. క్యారియర్ కింద ఉన్న ఫల్క్రమ్ షాఫ్ట్ నట్టు తీసి, షాఫ్ట్‌ను ఒకవైపు నుంచి కొడుతూ, వెనకే డమ్మీ షాఫ్ట్ లోపలికి వెళ్లేలా చేయండి. అప్పుడు అక్కడి బేరింగులు, షిమ్‌లు (సందు సర్దే పల్చటి బిళ్లలు) తమ చోటే ఉంటాయి. డమ్మీ షాఫ్ట్ లేకుండా లాగేస్తే షిమ్‌లు నేల మీద పడతాయి, ఏది ఏ వైపుదో ఇక తెలియదు. ఇక్కడి షాఫ్ట్ తుప్పుతో పట్టేసి ఉండటం చాలా మామూలు. రెండు రోజుల ముందు నుంచే నూనె పోస్తూ ఉండండి.

7. డ్రైవ్‌షాఫ్ట్ లోపలి చివర నాలుగు నట్లు తీసి షాఫ్ట్‌ను దించండి. డిస్కుకూ షాఫ్ట్ ఫ్లాంజ్‌కూ మధ్య పల్చటి షిమ్‌లు ఉంటాయి. అవి క్యాంబర్‌ను, అంటే చక్రం నిలువుకు ఎంత వాలి ఉందో దాన్ని, సర్దే షిమ్‌లు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఏ వైపువో రాసి, ఎన్ని ఉంటే అన్నీ మళ్లీ అక్కడే వేయాలి. డిస్కును పట్టుకునేది కూడా ఈ నట్లే కాబట్టి, వాషర్లు వేసి రెండు నట్లు తాత్కాలికంగా బిగించి ఉంచండి.

బేరింగులు తీయడం, కొత్త కప్పులు వేయడం

8. హబ్‌ను క్యారియర్‌లోంచి ప్రెస్ మీద బయటికి నెట్టండి. బయటి బేరింగు కోన్ హబ్‌కు పట్టుకుని వస్తుంది, దాన్ని పుల్లర్‌తో లాగండి. గ్రైండర్‌తో కోయక తప్పకపోతే పూర్తిగా కోయకండి. కొద్దిగా మిగిల్చి ఉలితో పగలగొట్టండి. హబ్ మీద గీత పడితే అది కొత్త కోన్‌ను తిన్నగా కూర్చోనివ్వదు.

9. పాత కప్పులను క్యారియర్‌లోంచి తీయండి. క్యారియర్ అల్యూమినియం, కప్పు ఉక్కు. కప్పు అడ్డంగా వాలితే అల్యూమినియం గీసుకుపోతుంది. క్యారియర్‌ను మరిగే నీళ్లలో ముంచి తీస్తే పని చాలా సులువు అవుతుంది. బ్లో ల్యాంప్ మంట పెట్టకండి.

10. కిరోసిన్‌తో అన్నీ కడిగి ఆరబెట్టండి. బేరింగును గాలి గొట్టంతో గిర్రున తిప్పి ఆరబెట్టడం ప్రమాదం, పంజరం ఊడి రోలర్లు ఎగిరి తగలవచ్చు. పాత కప్పుల మీద గుంటలు, నీలిరంగు మచ్చలు, రోలర్ల వరుస అచ్చులు కనిపిస్తే కారణం కూడా వెతకండి. నీలిరంగు వేడికి గుర్తు, అంటే బిగుతు ఎక్కువైంది లేదా గ్రీజు లేదు. తుప్పు గుంటలైతే సీలు పోయి నీళ్లు చేరాయి.

11. కొత్త కప్పులను నొక్కండి. సుత్తితో కొడుతుంటే, కప్పు అడుగుకు ఆనగానే చప్పుడు మారుతుంది, మొద్దుగా ఉన్నది టంగుమని మోగుతుంది. ఆ తర్వాత కూడా నమ్మకండి. సన్నని ఫీలర్ గేజ్‌ను కప్పు వెనక చుట్టూ పెట్టి చూడండి, ఎక్కడా దూరకూడదు. పూర్తిగా ఆనని కప్పుతో మీరు తర్వాత తీసే కొలత అంతా వృథా.

కాలర్ మందం కొలవడం: అసలు పని

కాలర్ హబ్ చివరకూ, లోపలి బేరింగు కోన్‌కూ మధ్య కూర్చుంటుంది. నట్టు బిగించినప్పుడు హబ్, కాలర్, కోన్ మూడూ ఒకే ముక్కలా నొక్కుకుంటాయి. కాలర్ మందం పెరిగితే ప్లే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కావలసిన ప్లే అంగుళంలో 1 నుంచి 3 వెయ్యో వంతులు, అంటే 1 నుంచి 3 థౌ (0.025 నుంచి 0.076 మి.మీ.). మధ్యలో 2 థౌకు గురిపెట్టండి.

కాలర్లు 0.109 నుంచి 0.151 అంగుళాల వరకు, 3 థౌ చొప్పున పెరుగుతూ దొరుకుతాయి. ఒక్కోదాని మీద ఒక అక్షరం ఉంటుంది. అక్షరాన్ని నమ్మి ఊరుకోకండి, చేతిలో ఉన్న కాలర్‌ను మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలిచి, ఆ అంకెనే లెక్కలోకి తీసుకోండి.

12. కొత్త బయటి కోన్‌ను హబ్ మీదికి నొక్కండి. సీల్స్ ఇప్పుడే వేయవద్దు, గ్రీజు కూడా పెట్టవద్దు. రెండు చుక్కల పల్చటి నూనె చాలు. గ్రీజు ఉంటే రోలర్లు పూర్తిగా కూర్చోవు, కొలత తప్పుతుంది.

13. హబ్‌ను బల్ల మీద పెట్టి, క్యారియర్‌ను దాని మీదికి దించండి. ఫ్యాక్టరీ పద్ధతిలో ఇక్కడ 0.150 అంగుళాల మాస్టర్ కాలర్ పెట్టి, దాని మీద లోపలి కోన్‌ను నొక్కుతారు. ఆ పనిముట్టు మీ దగ్గర లేకపోతే మీ పాత కాలర్‌నే, లేదా మందం తెలిసిన ఇంకే కాలర్‌నైనా మాస్టర్‌గా వాడండి. హబ్ మధ్యలోంచి పొడవాటి మర కడ్డీ దూర్చి, రెండు వైపులా మందమైన వాషర్లు వేసి, కోన్, కాలర్, హబ్ గట్టిగా నొక్కుకునేలా బిగించండి. బిగిస్తున్నంతసేపూ క్యారియర్‌ను తిప్పుతూ ఉండండి. తిరగడం బరువెక్కితే అక్కడే ఆపేయండి.

14. డయల్ గేజ్ స్టాండును హబ్‌కు పెట్టి, సూదిని క్యారియర్ మీద ఆనించండి. క్యారియర్‌ను పది సార్లు తిప్పి, కిందికి నొక్కి, గేజ్ సున్నాకు పెట్టండి. ఇప్పుడు రెండు స్క్రూడ్రైవర్లను ఎదురెదురుగా పెట్టి క్యారియర్‌ను సమంగా పైకి లేపండి. ఒక వైపు నుంచే లేపితే అది వాలి, అబద్ధపు కొలత చూపిస్తుంది. మూడు సార్లు కొలవండి. మూడూ కలవకపోతే ఎక్కడో దుమ్ము ఉంది, లేదా కప్పు ఆనలేదు.

15. లెక్క. మాస్టర్ కాలర్ 0.150, గేజ్ చూపింది 0.019 అనుకుందాం. కావలసిన ప్లే 0.002. తీసేస్తే 0.017 ఎక్కువ ఉంది. అంత మేరకు కాలర్ పల్చన కావాలి: 0.150 లోంచి 0.017 పోతే 0.133 అంగుళాలు. ఆ మందం ఉన్న కాలర్ వేయాలి. సరిగ్గా అదే దొరక్కపోతే దగ్గరలోదాన్ని తీసుకుని, దానితో వచ్చే ప్లే 1కీ 3కీ మధ్యలో ఉందో లేదో మళ్లీ లెక్కించండి.

పాత కాలర్‌తో కొలిచినప్పుడు గేజ్ అసలు కదలకపోతే దాన్నుంచి లెక్క కట్టలేరు. బేరింగు ఎంత బిగిసి ఉందో గేజ్ చెప్పదు. ఇంకా మందమైన కాలర్ పెట్టి మళ్లీ కొలవాలి.

16. లెక్కలో వచ్చిన కాలర్ పెట్టి మరోసారి కొలవండి. ఈ అడుగును వదిలేయాలనిపిస్తుంది. వదలకండి.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు కొత్త బేరింగులతో పాత కాలర్‌నే వేశాను. కారు నుంచి వచ్చిందే కదా, సరిపోతుందనుకున్నాను. బేరింగు బేరింగుకూ వెడల్పులో కొన్ని థౌల తేడా ఉంటుందన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. తక్కువ దూరంలోనే కుడి హబ్ ముట్టుకోలేనంత వేడెక్కింది. విప్పి చూస్తే గ్రీజు నల్లగా మాడి, కోన్ నీలంగా మారి ఉంది. కొత్త బేరింగులు, సీల్స్, రెండు రోజుల శ్రమ అన్నీ పోయాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఎడమ వైపు కొలత కుడి వైపుకు కూడా వాడకండి. ఒక్కో వైపూ విడిగా కొలవాల్సిందే.

యూజే క్రాస్‌లు మార్చడం

17. షాఫ్ట్‌ను వైస్‌లో పట్టి, సర్క్లిప్‌లు తీయండి. కప్పు కంటే చిన్న సాకెట్‌తో ఒకవైపు నుంచి నొక్కుతూ, ఎదుటివైపు పెద్ద సాకెట్‌లోకి కప్పు రానివ్వండి. షాఫ్ట్ గొట్టాన్ని వైస్‌లో నలిపేయకండి.

18. యోక్ (కప్పులు కూర్చునే, రెండు చెవులున్న షాఫ్ట్ చివర) రంధ్రాలను శుభ్రం చేసి చూడండి. కొత్త కప్పు చేతి ఒత్తిడికే జారిపోతుంటే ఆ యోక్ అరిగింది, షాఫ్ట్ మార్చాలి. రంధ్రంలో చుక్కలు గుచ్చి బిగుతు తెచ్చే పద్ధతి సస్పెన్షన్ బరువు మోసే ఈ షాఫ్ట్‌కు అస్సలు వద్దు.

19. కొత్త కప్పుల్లో సూదులను గ్రీజుతో అంటించండి. నొక్కేటప్పుడు క్రాస్‌ను మధ్యలో ఉంచి రెండు కప్పుల్లోకీ కొంత కొంత దూరుస్తూ వెళ్లండి. కప్పు పూర్తిగా దిగక, సర్క్లిప్ గాడి కనిపించకపోతే ఒక సూది అడ్డంగా పడిందని అర్థం. ఇంకా గట్టిగా నొక్కవద్దు, తీసి చూడండి. గ్రీజు నిపుల్ ఉన్న క్రాస్ అయితే, కారు కింద నుంచి గన్ అందే వైపుకు నిపుల్ ఉండాలి.

20. సర్క్లిప్‌లు వేశాక యోక్ చెవుల మీద రాగి సుత్తితో మెల్లగా తట్టండి. క్రాస్ రెండు దిశల్లోనూ తడబడకుండా తిరగాలి, ప్లే మాత్రం ఏమాత్రం ఉండకూడదు. ఒకచోట పట్టేస్తుంటే మళ్లీ తట్టండి. అయినా వదలకపోతే విప్పి చూడాల్సిందే.

తిరిగి బిగించడం

21. బేరింగుల్లో గ్రీజును అరచేతిలో పెట్టి, రోలర్ల మధ్యలోంచి పైకి వచ్చేదాకా నొక్కి నింపండి. క్యారియర్ లోపలి ఖాళీని మొత్తం నింపకండి, సగం చాలు. సీలు పెదవి బేరింగు వైపుకు ఉండాలి, దానికీ కాస్త గ్రీజు రాయండి.

22. స్ప్లైన్లను వైర్ బ్రష్‌తో తళతళలాడేలా శుభ్రం చేయండి. హబ్‌ను స్ప్లైన్ మీద చేత్తో అటూ ఇటూ తిప్పితే ఆడుతుంటే ఒకటి లేదా రెండూ అరిగాయి. జిగురు ద్రావకం పోసి దాన్ని కప్పిపుచ్చడం కంటే మార్చేయడమే మంచిదని నా అభిప్రాయం.

23. షాఫ్ట్ లోపలి చివరను క్యాంబర్ షిమ్‌లతో సహా బిగించండి. డమ్మీ షాఫ్ట్‌ను నెట్టుకుంటూ అసలు ఫల్క్రమ్ షాఫ్ట్‌కు గ్రీజు రాసి ఎక్కించండి. సీలు ట్రాక్, లోపలి కోన్, కాలర్ ఫోటోలోని వరుసలోనే ఉన్నాయో లేదో చూసుకుని, షాఫ్ట్‌ను హబ్‌లోకి తీసుకురండి.

24. నట్టును మాన్యువల్ టార్క్‌కు బిగించండి. స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే తర్వాతి గాడి దాకా ఇంకా బిగించాలి. వెనక్కి వదలడం ఎన్నడూ వద్దు. పాత పిన్ మళ్లీ వాడకండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటం

చక్రం బిగించక ముందే, డయల్ గేజ్‌ను క్యారియర్‌కు పెట్టి, సూదిని హబ్ ముఖం మీద ఆనించి, హబ్‌ను లోపలికీ బయటికీ లాగండి. 1 నుంచి 3 థౌలే చూపించాలి. ఏమీ చూపించకపోతే నడపకండి, విప్పండి. 5 థౌలు దాటినా విప్పండి. మళ్లీ పుల్లర్ పట్టుకోవాలంటే విసుగే, అయినా ఇక్కడ రాజీ పడితే వారం తిరక్కుండా ఇదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

తర్వాత కారును నేల మీదికి దించి 10, 15 కిలోమీటర్లు మామూలు వేగంతో నడపండి. ఆగే ముందు బ్రేకులు ఎక్కువగా వాడకండి. దిగి రెండు వెనక హబ్‌ల మీదా చేయి పెట్టి పోల్చండి. గోరువెచ్చగా, రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి స్పష్టంగా వేడిగా ఉంటే దానిలో ప్లే చాలలేదు. సీలు పక్క నుంచి కొద్దిగా గ్రీజు చెమర్చడం మొదటి రోజు మామూలే, ధారగా వస్తే సీలు వంకరగా కూర్చుంది.

క్యాంబర్ కూడా కొలిపించండి. వెనక చక్రాల క్యాంబర్ మైనస్ ముప్పావు డిగ్రీ, అటూ ఇటూ పావు డిగ్రీ ఉండాలి. సస్పెన్షన్‌ను మాన్యువల్ చెప్పిన ఎత్తులో నిలిపి కొలవాలి, లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. 20 థౌల షిమ్ ఒకటి వేసినా తీసినా క్యాంబర్ దాదాపు పావు డిగ్రీ మారుతుంది. యూజేలు మార్చాక పాత షిమ్‌లతోనే సరిపోవడం ఎక్కువగా చూశాను, షాఫ్ట్ మారిస్తే మాత్రం తప్పకుండా చూసుకోండి.

ఇక గ్రీజు. హబ్ క్యారియర్ మీద చిన్న మూత ఉంటుంది. దాని చుట్టూ శుభ్రం చేసి, మూత తీసి, రంధ్రంలోంచి గ్రీజు పెట్టవచ్చు. గన్‌తో ఒత్తిడి పెంచుకుంటూ పోతే గ్రీజు సీలును దాటి బయటికి వస్తుంది, మీరు అంత కష్టపడి వేసిన సీలు మొదటి సర్వీసులోనే పోతుంది. మెల్లగా నొక్కండి, ఇక తీసుకోవడం లేదనిపించగానే ఆపి మూత పెట్టేయండి.